అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. అమ్మ బీపీ మాత్రలు అయిపోయాయి, సాయంత్రం వెళ్ళి తెమ్మని అన్నయ్యకి చెప్పాను. రాత్రి భోజనాల వేళ మాత్రలేవి అని అడిగితే, "వెళ్ళాను చెల్లీ, షాపు మూసేస్తున్నారు. షట్టర్ సగం దించేశారు, కుర్రాడు లోపల లెక్క చూసుకుంటున్నాడు, రేపు రమ్మన్నాడు" అన్నాడు. తడుముకోలేదు, చూపు తిప్పుకోలేదు. నేను లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి అతని చెప్పులు తీసి చూశాను. పొడిగా ఉన్నాయి. అడుగున నిన్నటి దుమ్ము అలాగే ఉంది. గొడుగు కట్టిన తాడు కూడా విప్పలేదు. ఆ చెప్పులు చేత్తో పట్టుకొచ్చి, వదినా, పదో తరగతి చదివే మేనకోడలూ చూస్తుండగా, "ఇంత నిబ్బరంగా అబద్ధం ఎలా ఆడగలుగుతున్నావు అన్నయ్యా?" అని అడిగాను. అతను చెప్పుల వంక చూశాడు, నా వంక చూశాడు. "మరి నేను వెళ్ళాను కదా" అన్నాడు. దొరికిపోయినవాడి గొంతు అలా ఉండదు. ఆ గొంతులో ఉన్న అయోమయం నాకప్పుడు వినపడలేదు.

అప్పటికి అన్నయ్య తాగుడు మొదలై ఇరవై రెండేళ్ళు. మొదట్లో వారానికోసారి, తర్వాత రోజూ రాత్రి, చివరి ఏడెనిమిదేళ్ళు పొద్దున్నే చేతులు వణక్కుండా ఉండటానికి. పనికి రేడియోలు, టీవీలు, ఆంప్లిఫైయర్లు బాగుచేసే మెకానిక్. చెప్పుల గొడవ జరిగిన మూడు నెలలకి ఒక సైకియాట్రిస్టు అతన్ని గంటకు పైగా కూర్చోబెట్టి పరీక్షించింది. తర్వాత నన్నూ వదిననీ పిలిచి, "ఈయన మీకు అబద్ధాలు చెప్తున్నాడని అనుకుంటున్నారా?" అని అడిగింది. అవునన్నాను. "అబద్ధం ఆడాలంటే ముందు నిజం గుర్తుండాలమ్మా" అంది. ఆ తర్వాత ఆవిడ చెప్పినవి, ఆ రోజు నుంచి నేను చదువుతూ వచ్చినవి, ఇంట్లో కళ్ళారా చూసినవి కలిపి ఇది రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవాళ్ళ విషయంలో మనం అబద్ధమనీ, మొండితనమనీ, లెక్కలేనితనమనీ, మాట తప్పడమనీ పేరు పెట్టేవాటిలో చాలా భాగం జ్ఞాపకశక్తికీ నేర్చుకునే శక్తికీ తగిలిన దెబ్బ. దాన్ని దెబ్బగా చూడనంత కాలం మన కోపం దండగ. అంతకంటే ముఖ్యం, అప్పటిదాకా మనం ఇప్పించే చికిత్స కూడా చాలావరకు దండగే, ఎందుకంటే ఆ చికిత్స మొత్తం ఎదుటి మనిషి విన్నది గుర్తుపెట్టుకుంటాడన్న నమ్మకం మీద నడుస్తోంది.

ముందు రెండు విషయాలు విడదీసుకోవాలి. తాగిన రాత్రి ఏం జరిగిందో మర్నాడు గుర్తులేకపోవడం వేరు, ఏళ్ళ తాగుడుతో మెదడే మారిపోవడం వేరు. మొదటిదాన్ని బ్లాకౌట్ అంటారు. చాలామంది అనుకుంటున్నట్టు స్పృహ తప్పి పడిపోవడాన్ని కాదు అలా అనేది. బ్లాకౌట్‌లో ఉన్న మనిషి నడుస్తాడు, వాదిస్తాడు, డబ్బు లెక్కపెడతాడు, పక్కవాళ్ళకి అనుమానం కూడా రాదు. 1970 ప్రాంతంలో అమెరికాలో డొనాల్డ్ గుడ్విన్ అనే సైకియాట్రిస్టు, అతని బృందం పదిమంది మగవాళ్ళతో, వాళ్ళలో ఎక్కువమంది తాగుడు అలవాటున్నవాళ్ళే, నాలుగు గంటల్లో సుమారు అర లీటరు విస్కీ తాగించి, మధ్యమధ్యలో పిల్లల ఆటబొమ్మల్లాంటివి చూపించారు. రెండు నిమిషాల తర్వాత అడిగితే చాలామంది చూసింది చెప్పగలిగారు. అరగంట తర్వాత అడిగితే సగంమందికి అసలు ఏదో చూపించారన్న సంగతే గుర్తులేదు. మర్నాడూ అంతే. అంటే ఆ క్షణంలో బుర్ర పనిచేస్తూనే ఉంది, పాత జ్ఞాపకాలూ ఉన్నాయి, అప్పుడు జరుగుతున్నది మాత్రం లోపలికెళ్ళి నిలవడం లేదు.

అలా నిలపాల్సిన పని హిప్పోక్యాంపస్‌ది. కణతల వెనక, మెదడు లోపలి వైపు రెండు పక్కలా ఉంటుంది. కొత్త అనుభవం జ్ఞాపకంగా గట్టిపడాలంటే అక్కడి నాడీకణాల మధ్య సంబంధాలు బలపడాలి, దానికి గ్లుటమేట్ అనే రసాయన సంకేతం, దాన్ని అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్లు కావాలి. ఆల్కహాల్ ఆ రిసెప్టర్లనే అణిచేస్తుంది. ఖాళీ కడుపున గబగబా తాగితే రక్తంలో మోతాదు ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి బ్లాకౌట్ తొందరగా వస్తుంది. పైగా తాగి పడుకుంటే నిద్ర పట్టేసినట్టే ఉంటుంది గానీ రాత్రి మొదటి సగంలో కలల నిద్ర తగ్గిపోతుంది, రెండో సగం ముక్కలు ముక్కలవుతుంది. పగలు నేర్చుకున్నది స్థిరపడాల్సింది ఆ నిద్రలోనే.

ఇది ఒక రాత్రి కథ. ఇదే రోజూ జరిగితే మెదడు ఊరుకోదు. అణిచివేతకి సర్దుకోవడానికి తనను తాను ఎప్పుడూ రెచ్చిపోయే స్థితిలో ఉంచుకుంటుంది. అందుకే రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే వణుకు, చెమటలు, ఫిట్స్, లేనివి కనపడటం. ఆ సమయంలో ప్రాణాలు పోయేంత ప్రమాదం ఉంది, అందుకని ఇంట్లో తలుపేసి మాన్పించడం ఎప్పుడూ చెయ్యకూడదు, డాక్టరు చూస్తుండగానే మాన్పించాలి. మానడం, మళ్ళీ మొదలెట్టడం, మళ్ళీ మానడం ఇలా జరిగినకొద్దీ ఆ విత్‌డ్రాయల్, అంటే మానేసినప్పుడు వచ్చే ఆ బాధల తీవ్రత పెరుగుతూ పోతుంది, మెదడుకి ప్రతిసారీ అదో దెబ్బ. "పోయినసారి నాలుగు రోజుల్లో తేరుకున్నాడు కదా, ఈసారీ అంతే" అని మేమూ అనుకున్నాం. అంతే కాలేదు.

ఇంకో దెబ్బ ఉంది, దాని గురించి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే అది చాలావరకు ఆపగలిగినది. మెదడు నడిచేది గ్లూకోజు మీద. ఆ గ్లూకోజుని శక్తిగా మార్చే ఎంజైములకి థయమిన్, అంటే బి1 విటమిన్, తప్పనిసరి. ఒంట్లో దాని నిల్వ మొత్తం కలిపి ముప్పై మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, రెండు మూడు వారాలకి మించి రాదు. తాగేవాళ్ళు తిండి మానేస్తారు, ఆల్కహాల్ ఇచ్చే కేలరీలతో ఆకలి చచ్చిపోతుంది. తిన్న కాస్తలో ఉన్న థయమిన్‌ని కూడా పేగులు సరిగ్గా తీసుకోలేవు, పాడైన లివరు నిలవ ఉంచుకోలేదు. అలా అది అడుగంటిన రోజున మెదడు మధ్యలో థాలమస్, దాని కింద మామిల్లరీ బాడీస్ అనే చిన్న గుబ్బల్లాంటి భాగాలు దెబ్బతింటాయి. హిప్పోక్యాంపస్ తన పని చెయ్యడానికి వాటితో కలిసి ఒక వలయంలా నడవాలి, వలయంలో ఎక్కడ తెగినా కొత్త జ్ఞాపకం నిలవదు.

1881లో జర్మనీలో కార్ల్ వెర్నికే ముగ్గురు రోగుల గురించి రాశాడు: చూపు కుదురుగా నిలవదు, నడక తూలుతుంది, మనిషి అయోమయంలో ఉంటాడు. వాళ్ళలో ఇద్దరు తాగుబోతులు, మూడో మనిషి యాసిడ్ మింగి, ఆ తర్వాత ఎడతెగని వాంతులతో ఏమీ తినలేకపోయిన ఒక యువతి. ఆమె జబ్బు పడింది తాగుడు వల్ల కాదు. అంటే ఇది తాగినందుకు పడిన శిక్ష కాదు, మెదడుకి తిండి అందకపోతే ఎవరికైనా వచ్చేదే. 1887 నుంచి రష్యాలో సెర్గీ కోర్సకోవ్ దీని తర్వాతి దశని వర్ణిస్తూ వచ్చాడు: మనిషి చక్కగా మాట్లాడతాడు, పాత సంగతులు చెప్తాడు, తెలివిగా వాదిస్తాడు, కానీ అయిదు నిమిషాల కిందట జరిగింది ఉండదు. ఈ రెండూ ఒకే జబ్బులో రెండు దశలని తర్వాత తేలి, రెండు పేర్లూ కలిపి వెర్నికే-కోర్సకోవ్ సిండ్రోమ్ అంటున్నారు.

ఈ మొదటి దశ చాలాసార్లు తప్పిపోతుంది. పుస్తకంలో రాసిన మూడు లక్షణాలూ కలిసి కనపడాలని చూస్తూ కూర్చుంటే దొరకదు. 1986లో ఆస్ట్రేలియాలో, చనిపోయాక మెదడు పరీక్షలో ఈ జబ్బు బయటపడినవాళ్ళ పాత రికార్డులు తీసి చూస్తే, మూడు లక్షణాలూ కలిసి కనపడినవాళ్ళు 16 శాతమే. అన్నయ్య విషయంలోనూ ఇదే జరిగింది. చెప్పుల గొడవకి ఏడాది ముందు, వారం రోజులు వాంతులై, గోడ పట్టుకుని నడుస్తుంటే ఒక ఆసుపత్రిలో చేర్పించాం. గ్లూకోజు సెలైన్ ఎక్కించి, "మత్తు దిగితే నడక అదే సర్దుకుంటుంది" అని మూడో రోజు పంపేశారు. ఆ డిశ్చార్జి కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో థయమిన్ అన్న మాట ఎక్కడా లేదు. థయమిన్ లేని మెదడుకి గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే ఉన్న కాస్త నిల్వ కూడా ఖర్చయి పరిస్థితి విషమించవచ్చు, అందుకే ఇలాంటి రోగికి గ్లూకోజుతో పాటే, వీలైతే ముందే, థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వాలంటారు. ఈ దశలో మాత్రలు చాలవు, నరంలోకే ఎక్కించాలి. అది ఖరీదైన మందేమీ కాదు. ఎక్కువగా తాగే మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ నేను చెప్పేది, తూలుడు మత్తు దిగాక కూడా పోకపోతే, కళ్ళు వింతగా కదులుతుంటే, మనిషి తికమకపడుతుంటే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, థయమిన్ ఇచ్చారా అని నోరు తెరిచి అడగండి. నేను అడగలేదు, నాకు ఆ మాటే తెలీదు.

చెప్పుల సంగతికి మళ్ళీ వస్తాను. జ్ఞాపకంలో ఖాళీ ఏర్పడినచోట మెదడు ఆ ఖాళీని ఖాళీగా ఉంచదు, ఎప్పటిదో ఒక ముక్క తెచ్చి అక్కడ పెడుతుంది. దాన్ని కన్ఫాబ్యులేషన్ అంటారు. షట్టర్ సగం దించిన షాపు, లెక్క చూసుకునే కుర్రాడు, రేపు రమ్మనడం, ఇవన్నీ ఎప్పుడో నిజంగా జరిగినవే అయ్యుంటాయి. అతను అల్లలేదు, అతని మెదడు అతనికి అలా చూపించింది, అతను చూసింది నాకు చెప్పాడు. మోసం చెయ్యాలన్న ఉద్దేశం అందులో లేదు. అందుకే ఎంత గట్టిగా నిలదీసినా ఒప్పుకోడు. ఒప్పుకోడానికి అతని దగ్గర ఇంకో నిజం లేదు. నేను నిలదీసిన ప్రతిసారీ అతనికి మిగిలింది ఏదో తప్పు చేశానన్న బాధ ఒక్కటే, ఏ తప్పో తెలీని బాధ.

ఆ బాధ మిగులుతుందని కూడా నేను ఊహించి రాయడం లేదు. 1911లో స్విట్జర్లాండ్ వైద్యుడు ఎడ్వార్ క్లాపరేడ్ ఒక పరీక్ష గురించి రాశాడు. కోర్సకోవ్ జబ్బున్న ఒకావిడ, అతన్ని రోజూ చూస్తున్నా రోజూ కొత్త మనిషిగానే పలకరించేది. ఒక రోజు అతను వేళ్ళ మధ్య గుండుసూది దాచి చెయ్యి కలిపాడు. కొద్ది నిమిషాలకే ఆవిడకి ఆ సూది గుర్తులేదు, కానీ అతను మళ్ళీ చెయ్యి చాపితే తన చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎందుకు లాక్కుందో ఆవిడకే తెలీదు. మా ఇంట్లో నేను గొంతు పెంచిన తర్వాత రెండు మూడు రోజులు అన్నయ్య నేనున్న గదిలోకి వచ్చేవాడు కాదు. ఏ గొడవా అతనికి గుర్తులేదు. నేను అతని చేతిలో ఎన్ని సూదులు గుచ్చానో ఆ కథ చదివినప్పుడు అర్థమైంది.

జ్ఞాపకం ఒకటే ముద్ద కాదు. చేతుల జ్ఞాపకం వేరే దారిలో ఉంటుంది, అది చాలామందిలో మిగులుతుంది. అన్నయ్య ముందు ఒక పాత ఆంప్లిఫైయర్ పెడితే, మూత విప్పి, మీటర్ పెట్టి చూసి, పోయిన కెపాసిటర్‌ని వేలితో చూపిస్తాడు. సోల్డరింగ్ ఐరన్ మొన మీద తడి స్పాంజి తాకించి తుడిచే తీరు, సోల్డర్ కరిగి వైరు చుట్టూ పాకుతుంటే ఊపిరి బిగబట్టి ఆగే తీరు, ఏదీ మారలేదు. కానీ అతనికి కొత్త ఫోన్ కొనిచ్చి, తాళం తీయడానికి తెర మీద ఒక గీత గీయాలని చూపిస్తే పదకొండు రోజులు రాలేదు. ఇంత పనితనం ఉన్న చెయ్యి ఒక గీత గీయలేదా, కావాలనే చేస్తున్నాడు అని వదిన అంది. ఆ మాట ఆమె ఒక్కతే అనలేదు, అందరం అన్నాం. పాతది చెయ్యగలడు కాబట్టి కొత్తదీ నేర్చుకోగలడని అనుకోవడమే మనం పడే పెద్ద పొరపాటు.

అయితే ఎక్కువమంది తాగేవాళ్ళు కోర్సకోవ్ దాకా వెళ్ళరు. వాళ్ళ సంగతే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది, ఎందుకంటే వాళ్ళకి ఏమీ కాలేదని అందరూ అనుకుంటారు. మామూలు కబుర్లలో తేడా దొరకదు. మాటల తెలివి చాలాకాలం నిలుస్తుంది. పోయేవి ఏంటంటే, కొత్త మొహానికి కొత్త పేరు జత చేసి గుర్తుంచుకోవడం, నాలుగు పనులు వరస పెట్టుకోవడం, ఒక పద్ధతి పనిచెయ్యడం లేదని గమనించి ఇంకో పద్ధతికి మారడం, తొందరపాటుని ఆపుకోవడం. ఇవన్నీ నుదుటి వెనక ఉండే ఫ్రంటల్ లోబ్స్ చేసే పని. ఆ భాగాలు తాగుడుకి బాగా లొంగుతాయి. తన లోపం తనకు తెలియడం కూడా ఆ భాగాల మీదే ఆధారపడి ఉంది కాబట్టి, "నాకేం, బానే ఉన్నాను" అన్న మాట కూడా దెబ్బలో ఒక భాగమే కావచ్చు.

ఎంత తాగితే అని అడుగుతారు. బ్రిటన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద జరిగిన వైట్‌హాల్ 2 అనే అధ్యయనంలోని 550 మందిని 30 ఏళ్ళ పాటు గమనించి, చివర ఎమ్మారై తీసి, 2017లో ఫలితాలు ప్రచురించారు. తాగనివాళ్ళతో పోలిస్తే వారానికి 30 యూనిట్లు దాటినవాళ్ళలో హిప్పోక్యాంపస్ కుంచించుకుపోయి కనపడే అవకాశం దాదాపు ఆరు రెట్లు. 14 నుంచి 21 యూనిట్ల వాళ్ళలో కూడా మూడు రెట్లు. అక్కడ యూనిట్ అంటే 8 గ్రాముల ఆల్కహాల్, అంటే 40 శాతం విస్కీ 750 మిల్లీలీటర్ల సీసాలో సరిగ్గా 30 యూనిట్లు. వారానికి ఒక ఫుల్ బాటిల్. ఇంట్లో ఎవరూ తాగుబోతు అని పిలవని మనిషి లెక్క ఇది. ఇది గమనించి చెప్పిన లెక్కే, ఇదొక్కటే కారణాన్ని రుజువు చెయ్యదు, కానీ మిగతా ఆధారాలన్నీ అటే చూపిస్తున్నాయి. ఫ్రాన్స్‌లో 2008 నుంచి 2013 దాకా ఆసుపత్రుల రికార్డులు తిరగేస్తే, 65 ఏళ్ళలోపే డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, వచ్చిన 57 వేల మందికి పైగా రోగుల్లో దాదాపు 39 శాతం కేసులు ఆల్కహాల్ వల్ల మెదడు పాడైనవే, మరో 18 శాతం మందికి తాగుడు సమస్య కూడా ఉంది. ఆసుపత్రిలో చేరినవాళ్ళ లెక్క కాబట్టి సమాజమంతటికీ ఇదే వర్తించదు, అయినా సగానికి పైగా అంటే చిన్న మాట కాదు. ఎనభై ఏళ్ళ దాకా తాగినా ఫలానా ఆయన జ్ఞాపకశక్తి చెక్కుచెదరలేదు అని ప్రతి ఇంట్లో ఒక కథ ఉంటుంది. ఉంటారు అలాంటివాళ్ళు. ఆయన పక్కన కూర్చుని తాగి, ఇప్పుడు ఆ కథ చెప్పలేని స్థితిలో ఉన్నవాళ్ళ సంగతి ఎవరూ అడగరు.

ఇప్పుడు చికిత్స సంగతి. అన్నయ్యని ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో నెల రోజులు ఉంచాం. నాలుగో రోజు నుంచే క్లాసులు. రోజుకి మూడు. తాగాలనిపించే సందర్భాలు ఎలా గుర్తుపట్టాలి, అప్పుడు ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ మంచి విషయాలే. అన్నయ్య తలూపుతూ విన్నాడు. వచ్చేటప్పుడు ఒక ఫైలు ఇచ్చారు. ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు మళ్ళీ తాగాడు. ఫోన్ చేస్తే కౌన్సెలర్ "ఆయనకి మోటివేషన్ లేదండీ" అన్నాడు. ఆ ఫైలు తెరిచి చూస్తే ఒక్క పేజీ కూడా నలగలేదు. అందులో ఏముందని అన్నయ్యని అడిగితే, "మంచివే చెప్పారు" అన్నాడు. ఎనిమిది రోజులు తన ఎదురుగా కూర్చున్న కౌన్సెలర్ పేరు కూడా అతనికి రాలేదు.

62 అధ్యయనాలు కలిపి చూసి 2013లో వేసిన ఒక లెక్క ప్రకారం, తాగుడు మానినవాళ్ళలో జ్ఞాపకం, ఏకాగ్రత, నిర్ణయం తీసుకోవడం లాంటి దాదాపు అన్ని రకాల శక్తుల్లో లోపాలు మొదటి నెలల్లో కొనసాగుతూనే ఉంటాయి, చాలావరకు తగ్గేసరికి ఏడాది పడుతుంది. మరి మనం పాఠాలు ఎప్పుడు చెప్తున్నాం? మొదటి నెలలో. మెదడు అన్నిటికంటే తక్కువగా నేర్చుకోగలిగే రోజుల్లో అన్నిటికంటే ఎక్కువ చెప్పి, నేర్చుకోలేదని ఇంటికి పంపేసి, తప్పు అతని మనసుదంటున్నాం. కాలు విరిగినవాడికి పట్టీ విప్పకముందే పరుగు నేర్పి, పరిగెత్తాలన్న కోరిక లేదని రాయడం లాంటిది ఇది. మొదటి వారాల్లో థయమిన్, తిండి, నిద్ర, ఒక చిన్న జ్ఞాపకశక్తి పరీక్ష ఉండాలి. అసలు పాఠాలు రెండో నెల నుంచి మొదలై ఏడాది దాకా, కొంచెం కొంచెంగా, చెప్పిందే మళ్ళీ చెప్తూ సాగాలి. ఖర్చు పెరుగుతుందంటారు. మూడుసార్లు చేర్పించడానికి మాకైన ఖర్చు నాకు తెలుసు.

ఎలా చెప్పాలన్నది కూడా ముఖ్యమే. 1994లో అలన్ బాడ్లీ, బార్బరా విల్సన్ అనే ఇద్దరు బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు, జ్ఞాపకశక్తి దెబ్బతిన్నవాళ్ళు తప్పులు చెయ్యనివ్వకుండా నేర్పితేనే బాగా నేర్చుకుంటారని చూపించారు. మామూలు మనిషి తప్పు చేసి, అది తప్పని గుర్తుంచుకుని, దిద్దుకుంటాడు. ఇక్కడ తప్పు చేసిన చెయ్యి ఆ తప్పునే నేర్చుకుంటుంది, అది తప్పన్న సంగతి మాత్రం చెరిగిపోతుంది. మేం రోజంతా చేసిందేమిటి? "ఈరోజు ఏ వారం? చెప్పు చూద్దాం." "గుర్తు తెచ్చుకో, ట్రై చెయ్యి." ప్రతి ప్రశ్నతో అతని చేత ఒక తప్పు పలికించి, ఆ తప్పునే పాతుకునేలా చేశాం. ఫోన్ గీత కూడా అలాగే రాలేదు, పదకొండు రోజులు అతని వేలు తప్పు గీతలే సాధన చేసింది. పన్నెండో రోజు నుంచి నేను అతని వేలు పట్టుకుని సరైన గీతే గీయించాను, ఒక్కసారి కూడా తప్పనివ్వకుండా, పూటకి పదిసార్లు. ఆరో రోజు నా చెయ్యి తీసేసినా వచ్చింది.

ఇదంతా వదినకి చెప్పినప్పుడు ఆమె ఒక మాట అడిగింది. "నా జీతం డబ్బు బీరువాలోంచి తీసుకెళ్ళింది కూడా మతిమరుపేనా?" కాదు. అది మతిమరుపు కాదు, దానికి ఏ మెదడు ఫోటో చూపించి సర్దిచెప్పడానికీ నేను సిద్ధంగా లేను. అన్నయ్య చేసినవాటికి అన్నయ్యే బాధ్యుడు, ఆమె కోపం ఆమెకి ఉండాల్సిందే. పైగా తాగే రోజుల్లో అతను నిజంగా ఆడిన అబద్ధాలు కూడా బోలెడున్నాయి, సీసా దాచిన చోటు అతనికి ఎప్పుడూ గుర్తుండేది. నేను అడుగుతున్నది క్షమించమని కాదు, వేరుచేసి చూడమని. దాచినదానికి నిలదీద్దాం, నిలవనిదానికి రాసి పెడదాం. రెండిటికీ ఒకటే తిట్టు తిడితే నిజంగా చేసిన తప్పు కూడా ఆ తిట్లలో కలిసి మాసిపోతుంది. ఈ వాదనతో వదిన పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని నేను అనడం లేదు, ఆమె భరించింది నేను భరించలేదు.

బాగవుతారా అంటే, చాలామంది బాగవుతారు. 1978లోనే సీటీ స్కాన్లలో, తాగుడు మానినవాళ్ళ మెదడు కుంచించుకుపోయింది కొంత వెనక్కి రావడం చూశారు. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరేడు వారాలు మానిన రోగుల మెదడు పరిమాణం సగటున రెండు శాతం దగ్గర పెరిగింది. కోర్సకోవ్ దశకి చేరినవాళ్ళ విషయం కష్టం. మారిస్ విక్టర్, అతని సహచరులు 1971లో ప్రచురించిన పెద్ద పరిశీలనలో దాదాపు పావువంతు మంది పూర్తిగానో కొంచెం తక్కువగానో కోలుకున్నారు, పావువంతు బాగా మెరుగయ్యారు, పావువంతు కొద్దిగా, మిగతా పావువంతుకి మార్పే లేదు. ఈ లెక్కలన్నిటికీ ఒకటే షరతు, మళ్ళీ తాగకూడదు.

అన్నయ్య మానేసి పద్నాలుగు నెలలైంది. అతని చొక్కా జేబులో ఒక చిన్న నోటు పుస్తకం ఉంటుంది, దానికి కట్టిన పెన్ను ఉంటుంది. చెయ్యాల్సింది రాస్తాం, చేశాక అతనే టిక్కు పెడతాడు. మొదటి రెండు నెలలు పుస్తకం ఉందన్న సంగతే మర్చిపోయేవాడు, అందుకని జేబు మీద తట్టి చూపించేవాళ్ళం, అడగకుండా. తర్వాత తనే తట్టుకోవడం మొదలెట్టాడు. ఇప్పటికీ ఒక కథ మధ్యలో పోతుంది, చెప్పిందే చెప్తాడు, మేనకోడలు మొదటిసారి విన్నట్టు వింటుంది. దుకాణంలో పాత ఆంప్లిఫైయర్లు తెచ్చేవాళ్ళు తగ్గిపోయారు, కొత్త బోర్డుల పని నేర్చుకోవడం మొదలెట్టాడు, వారానికి ఒక్క సంగతి చొప్పున.

పోయిన నెలలో మళ్ళీ ఒక సాయంత్రం అమ్మ మాత్రలు తెచ్చావా అని అడిగాను. అలవాటుగా అడిగాను, అడిగాక నాలుక కరుచుకున్నాను. అన్నయ్య నోరు తెరిచాడు, ఏదో చెప్పబోయాడు, ఆగాడు. "ఉండు చెల్లీ, వెళ్ళినట్టే ఉంది గానీ నమ్మలేను" అని జేబు తట్టుకుని, పుస్తకం తీసి, వేలితో గీతల వెంట కిందికి వెళ్ళాడు. "టిక్కు లేదు. ఇంకా వెళ్ళలేదు" అన్నాడు. వెళ్ళి చెప్పులేసుకున్నాడు.